ఫైల్ చిత్రం

కోషిత్సేలో, టీవీ ఆఫీసు నేలమాళిగలో
పంతొమ్మిదేళ్ళుగా నా ఉద్యోగం ఒకటే,
అడిగిన దృశ్యం అడిగిన నిమిషంలో పైకి పంపడం.
వరదంటే వరద.
మంచంటే మంచు కురిసిన వీధి.
"వాడ" అంటే
ఇంక వివరం అక్కర్లేదు, ఏడు సెకన్ల ముక్క ఒకటుంది.

ఎండిన బురద. విరిగిన కంచె.
తొమ్మిదేళ్ళ రోమా పిల్లవాడు, ఒట్టి కాళ్ళు,
కోటు లోపల ఏదో ఉబ్బెత్తుగా,
రెండు చేతులా అదిమిపట్టుకుని
కెమెరాకు అడ్డంగా పరుగు.
అంతే. మొహం సరిగా కనపడదు.
కనపడకపోవడమే దాని గిరాకీ.

రాగితీగ పోతే ఆ పరుగు.
భత్యాల మీద చర్చ పెడితే ఆ పరుగు.
కామెర్లు వచ్చినా, ఎన్నికలు వచ్చినా,
ఎక్కడో ఎవరిదో కోళ్ళగూడు తలుపు ఊడినా
ఆ పరుగే.
మూలన చిన్న అక్షరాలు: ఫైల్ చిత్రం.
ఎవరూ చదవరు. నేనూ చదవలేదు.

నిరుడు నవంబరులో కౌంటరు దగ్గరికి ఒకతను వచ్చాడు.
ట్రాము నడిపేవాళ్ళ నీలం యూనిఫాం,
జేబు మీద పేరు దెజిదెర్.
నా చెయ్యి (ఎవరు నేర్పారు దానికి?)
బల్ల మీది పర్సును ఒళ్ళోకి లాక్కుంది.
అతను చూశాడు.
చూడనట్టు కిటికీ వైపు తిరిగాడు.
అక్కడ కిటికీ లేదు.

"ఆ అబ్బాయిని నేనే" అన్నాడు.
"ట్రాములో నా వెనకాలే చిన్న తెర ఉంటుంది, వార్తలొస్తాయి.
నేను బ్రేకు వేస్తుంటాను,
నా వెనక నేను పరిగెడుతుంటాను.
అద్దంలో కనిపిస్తుంది, సంచులన్నీ గుండెలకు దగ్గరగా జరగడం.
గుమ్మడికాయ ఎవరిదో, ఎత్తుకెళ్ళింది ఎవరో,
తడిమేది మాత్రం నా భుజాలే."

ఫిర్యాదు కాదట.
ఒక్కసారి పూర్తిగా చూడాలట.

పదిహేడేళ్ళ నాటి అసలు టేపు తీశాను.
నలభై నిమిషాలుంది.
ఆ ఏడు సెకన్లకు ముందుకి గానీ వెనక్కి గానీ
నేనెన్నడూ వెళ్ళిన పాపాన పోలేదు.

తెర మీద పిల్లవాడికి బూట్లున్నాయి.
ఎర్ర లేసులు, సరికొత్తవి, ఒక సైజు పెద్దవి.
"మర్గితా అత్త కొంది" అన్నాడు పక్కనించి, మెల్లిగా.
కెమెరా వెనక గొంతు: బాగుంది, ఇంకోసారి పరిగెత్తు.
ఆ గొంతు నాకు తెలుసు.
రిటైరైన రోజు పూలగుత్తి ఇచ్చింది నేనే.
పిల్లవాడు పరిగెత్తాడు.
ఇంకోసారి.
మళ్ళీ ఆ గొంతే: ఈసారి బూట్లు విప్పేసి.
ఎందుకు?
చాక్లెట్ ఇస్తా.
విప్పాడు. అటూ ఇటూ చూశాడు.
కింద పెడితే కుక్కపిల్ల ఎత్తుకుపోతుంది.
కోటు గుండీ తీసి
రెండు బూట్లూ లోపల దోపుకుని
చేతులతో గట్టిగా అదిమిపట్టి

ఇక్కణ్ణుంచి ఏడు సెకన్లు.

టేపు అయిపోయి, గిర్రున తిరుగుతూనే ఉంది.
"ఇంతకీ చాక్లెట్ ఇచ్చారా?"
అడగాల్సింది అది కాదని తెలిసీ అడిగాను.
గుర్తులేదన్నాడు.
షిఫ్టు టైమైందని మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

చెరిపే అధికారం నాకు లేదు. దానికో ఫారమూ లేదు.
చీటీ మార్చాను.
"దొంగతనం, వాడ, సాధారణం" కొట్టేసి
"తన బూట్లు తానే మోసుకెళ్తున్న పిల్లవాడు" అని రాశాను.
ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది,
ఏదో ఘనకార్యం చేసినట్టు.

గురువారం పైనుంచి ఫోను.
ఆ పరిగెత్తేవాడు దొరకట్లేదు, ఆరింటి వార్తల్లోకి కావాలి.
వెతుకుతున్నట్టు కీబోర్డు టకటకలాడించాను.

అరగంటలో వాళ్ళే ఇంకొకణ్ణి తీసుకున్నారు.
వాడు పరిగెత్తడం లేదు.
చేతుల్లో ఏమీ లేదు.
గోడ పక్కన ఊరికే నిలబడి ఉన్నాడు.

అదీ సరిపోయింది.